మిల్లు ముచ్చట: మన పేరు పుస్తకంలో ఉందా?

మా వీధిలో పిల్ల ఒకతి పోయిన నెల నా దగ్గరికి వచ్చింది. బళ్లారి దగ్గర తినుబండారాలు తయారుచేసే కంపెనీ ఒకటి ఆమెను ప్యాకింగు పనికి పిలిచిందంట. "మామా, నువ్వు 30 ఏండ్లు మిల్లుల్లో ఉంటివి కదా, కంపెనీ మంచిదో కాదో ఎట్ల తెలుసుకోవాల?" అని అడిగింది.

"సావుకారు మంచోడైతే చాలు పాపా" అని చెప్పి పంపించినాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నేను చెప్పింది తప్పు. ఆ సంగతి నాకంటే బాగా తెలిసినోడు ఈ కప్పగల్లులో ఇంకొకడు లేడు. అందుకే ఈ నెల ముచ్చట ఇదే.

తుంగభద్ర కాలువ నీళ్లు వచ్చినాక మన వైపు వరి పెరిగింది, వరితో పాటు బియ్యం మిల్లులూ పెరిగినాయి. అట్లాంటి ఒక మిల్లులో నేను గుమాస్తాగా చేరినాను. హాజరు రాయడం, శనివారం బటవాడా చేయడం నా పని. మా సావుకారు చెడ్డోడేం కాదు. ఆయుధ పూజకు అందరికీ బట్టలు పెట్టేవాడు. ఎవరింట్లో పెండ్లైనా బియ్యం మూట పంపేవాడు. మాతో పాటు కింద కూర్చొని అన్నం తినేవాడు. "మాది కంపెనీ కాదప్పా, అందరం ఒకే ఇల్లు" అనేవాడు. మేమూ నమ్మినాము.

అయితే ఆ ఇంట్లో హాజరు పుస్తకాలు రెండు ఉండేవి. వడ్లు వచ్చే రోజుల్లో హమాలీలతో కలిపి 30 మందికి పైగా పనిచేసేవాళ్లు. ఆఫీసర్లు వస్తే చూపించే పుస్తకంలో మాత్రం 9 పేర్లే. 10 మంది ఉంటే ఈఎస్ఐ కట్టాల, 20 మంది ఉంటే పీఎఫ్ కట్టాల. ఆ 9 పేర్లూ నా చేత్తోనే రాసేవాణ్ని. అందులో నా పేరు ఉండేది.

ఒక రోజు వడ్లు మోసే ఎలివేటరు ఇరుక్కుంది. మిషను ఆపితే పని వెనకబడుతుందని, అది తిరుగుతుండగానే ఒక అన్న చేయి పెట్టినాడు. బెల్టుకు అడ్డంగా జాలీ లేదు. కుడి చేతికి మూడు వేళ్లు పోయినాయి. సావుకారు తన కారులోనే ఆసుపత్రికి తీసుకుపోయినాడు, బిల్లు కట్టినాడు, మా ముందర కండ్ల నీళ్లు పెట్టుకున్నాడు. "దేవుడయ్యా" అనుకున్నాము. రెండు నెలలు సగం కూలి ఇంటికి పంపినాడు. మూడో నెల పంపలేదు.

ఆ అన్న భార్య ప్రతి శనివారం వచ్చి గేటు దగ్గర నిలబడేది. ఒకసారి నా కిటికీ దగ్గరికి వచ్చి, "అన్నా, ఆయన పేరు నీ పుస్తకంలో ఉంది కదా?" అని అడిగింది. నేను తల ఎత్తలేదు. "సావుకారును అడుగమ్మా" అన్నాను.

పేరు ఎక్కి ఉంటే ఏమయ్యేదో ఇప్పటి లెక్కలో చెప్తాను, రాసిపెట్టుకోండి. నెల జీతం 12,000 అనుకుంటే, ఈఎస్ఐకి మన వాటా 0.75 శాతం, అంటే 90 రూపాయలు. యజమాని వాటా 3.25 శాతం, 390 రూపాయలు. జీతం 21,000 లోపు ఉన్నోళ్లందరికీ ఇది వర్తిస్తుంది. పనిలో దెబ్బ తగిలితే నయమయ్యేదాకా జీతంలో సుమారు 90 శాతం వస్తుంది. వేళ్లో చేయో పోతే, ఎంత నష్టమో మెడికల్ బోర్డు తేల్చినదాన్ని బట్టి బతికినంత కాలం డబ్బు వస్తుంది. చేరిన మొదటి రోజు దెబ్బ తగిలినా సరే, హక్కు హక్కే.

ఇంకొకటి ఆలస్యంగా తెలుసుకున్నాను. పేరు ఎక్కించకపోవడం యజమాని తప్పు, కార్మికునిది కాదు. అట్లాంటప్పుడు ఈఎస్ఐ వాళ్లే ముందు ఇచ్చి, యజమాని దగ్గర వసూలు చేసుకునే వీలు చట్టంలో ఉంది. అంటే ఆ రోజు నేను నిజం చెప్పి, అసలు పుస్తకం చూపించి ఉంటే ఆ ఇంటికి ఒక దారి దొరికేది.

తర్వాత నేను ఒక పెద్ద కంపెనీ మిల్లుకు మారినాను. అక్కడ మేనేజరు నవ్వేవాడు కాదు. టీకి పది నిమిషాలంటే పది నిమిషాలే. పండక్కి బట్టలు లేవు. అయినా చేరిన వారంలోనే ఈఎస్ఐ నంబరు, పీఎఫ్ నంబరు చేతికిచ్చినారు. నా ఇంటామెకు ఆపరేషనైతే కార్డు చూపించినాము, ఎవరి కాళ్లూ పట్టుకోలేదు. అక్కడి షిఫ్టు ఇన్‌ఛార్జి ఒక మాట అనేవాడు: "మిషను ఆపినోన్ని నేను తిట్టను. ఆపకుండా చేయి పెట్టినోన్ని తిడతా." పెద్దరికమంటే నాకు అప్పుడే అర్థమయింది. అట్లని ఆ కంపెనీ అంతా బంగారమని చెప్పను. కాంట్రాక్టు హమాలీలను క్యాంటీనులోకి రానిచ్చేవాళ్లు కాదు, గోడౌను నీడలో కూర్చొని సద్ది తినేవాళ్లు. అది చూసి కూడా ఒక్కరం నోరు తెరవలేదు.

మొన్న ఆ పిల్లను మళ్లీ పిలిచి చెప్పినాను. "పాపా, సావుకారు మంచోడా అని అడగొద్దు. ఈఎస్ఐ నంబరు ఎప్పుడిస్తారు, పీఎఫ్ నంబరు ఎప్పుడిస్తారు అని అడుగు. మిషను ఇరుక్కుంటే ఆపే అధికారం ఎవరికుందో అడుగు. పాత ఆడోళ్లు ఎన్నేండ్ల నుంచి ఉన్నారో అడుగు. జీతంలో పీఎఫ్ కోసినారంటే, ఫోనులో ఉమాంగ్ యాప్‌లో పాసుబుక్కు తీసి అది జమ అయిందో లేదో చూసుకో."

అడిగి వచ్చింది. "మూడు నెలలు చేసినాక చూద్దాం అంటున్నాడు మామా, కాంట్రాక్టరు" అంది. మూడు నెలలని చట్టంలో ఎక్కడా లేదు. కాంట్రాక్టరు కిందున్నా లెక్కలోకి వస్తారు. వచ్చే సోమవారం ఆమెతో నేనూ పోతున్నాను. ఏం జరిగిందో వచ్చే నెల రాస్తాను.

ఇది రాసే ముందు ఆ అన్న ఇంటికి పోయినాను. ఇప్పుడు చిన్న అంగడి పెట్టుకున్నాడు, ఎడమ చేత్తోనే తూకం వేస్తాడు. రెండు పుస్తకాల సంగతి ఇన్నేండ్లకు మొదటిసారి నా నోటితో ఆయనకు చెప్పినాను. చాలాసేపు మాట్లాడలేదు. టీ తెప్పించినాడు. చివరికి, "రాయి. నా పేరు వద్దు. నీ సంగతి మాత్రం దాచొద్దు" అన్నాడు.

దాచలేదు.