మా బిడ్డల్ని రాసుకోనియ్యండి

అనంతపురంలో వాన మొహం చాటేస్తే శెనక్కాయ ఎండుతుంది. చేను ఎండితే కూలి దొరకదు. కూలి లేకపోతే మాదిగగేరిలో ఇండ్లకు తాళాలు పడతాయి. అమ్మా నాయినా బెంగుళూరుకో కేరళకో పోతారు. ఆడబిడ్డ హాస్టల్లో మిగిలిపోతుంది, లేదంటే పదహారేండ్లకే పెండ్లిపీటలెక్కుతుంది. కరువు లెక్క రాసే అధికారులు ఎండిన ఎకరాలు రాస్తారు. ఆ బిడ్డ దిగులు మాత్రం ఏ రిజిస్టరుకూ ఎక్కదు.

ముడుచుకుపోయిన పిల్లని ఏమంటున్నారు? 'గాలి సోకింది', 'పొగరు', 'చదువు మీద శ్రద్ధ లేదు' అంటున్నారు. కులం పేరు పెట్టి పిలిచిన మాట, బెంచీ మీద పక్కకు జరిగిన తీరు, అమ్మ ఫోను రాని రాత్రి ఇవన్నీ గాయాలు. గాయం చెప్పుకోను చోటు లేనప్పుడు కాగితమే నోరు.

ఇది కొత్త మాట కాదు. పుణెలో ఫూలే దంపతుల బడిలో చదివిన మాంగు కులపు బిడ్డ ముక్తా సాల్వే పద్నాలుగేండ్ల వయసులో మాంగుల, మహార్ల దుఃఖం మీద వ్యాసం రాసింది. 1855లో 'జ్ఞానోదయ' పత్రిక దాన్ని అచ్చేసింది. ఆమె తన దుఃఖాన్ని తలరాత అనుకోలేదు, అది కులం పెట్టిన దుఃఖమని రాసింది. మన తెలుగులో 2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో 'నల్లపొద్దు' దళిత స్త్రీల రాతల్ని ఒక్కచోట చేర్చింది. ఈ పేర్లు మన హాస్టలు పిల్లలకు ఎవరు చెప్పాల?

కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు 2004లో మొదలైందే దళిత, గిరిజన, వెనకబడిన, మైనారిటీ ఆడపిల్లల కోసం. 2017 చట్టం మానసిక వైద్యం పొందడం హక్కు అంది. కాగితాల మీద హక్కులకు కొదవ లేదు. బిడ్డ చేతిలో తనదంటూ ఒక కాగితం ఏది?

'బువ్వకే లేదు, కవిత్వమెందుకు?' అంటారు కొందరు. బువ్వ అడగాలన్నా మాట కావాల. అయితే రాతతోనే అన్నీ తీరవు. నోటుబుక్కు చూపి డాక్టరును ఎగ్గొడితే ఊరుకోం.

మేము అడిగేది ఇంతే. ప్రతి హాస్టల్లో వారానికి ఒక గంట బిడ్డలు తమకోసం రాసుకోవాల. మార్కులొద్దు, మా యాసను దిద్దొద్దు. బిడ్డ తానై చూపితే తప్ప ఎవరూ చదవకూడదు. చావు ఆలోచనో, ఎవరో చెయ్యేసిన సంగతో ఆమె చూపితే అదే రోజు కదలాల. శిక్షణ పొందిన కౌన్సిలరు రావాల. 2022లో మొదలైన టెలిమానస్ ఉచిత నంబరు 14416 గోడ మీద రాయాల, చేసుకోను ఫోనూ ఇయ్యాల.

గేరిలో అక్కలారా, అన్నలారా! రేషను కోసం ఆఫీసుకు పోయినట్టే దీనికోసమూ హాస్టలుకు పోదాం. అడుగుదాం.

జై భీమ్!