ట్యాబ్ ఇచ్చారు, తాడెవరిస్తారు?

ఈ వారం ఎవరో వాట్సాప్‌లో ఒక రగ్గడ్ ట్యాబ్ (దెబ్బలకు, నీళ్లకు తట్టుకునే గట్టి ట్యాబ్) బ్రోషర్ పంపారు. మొదటి పేజీలో ట్యాబ్ బురదలో పడి ఉంది, పైనుంచి పైపుతో నీళ్లు కొడుతున్నారు, తెర మాత్రం దర్జాగా వెలుగుతోంది. నాలుగో పేజీకి పోతే తెలిసింది అసలు సంగతి. చేతి పట్టీ ఆప్షనల్. మెడకు వేసుకునే తాడు ఆప్షనల్. అదనపు బ్యాటరీ, బండికి బిగించే స్టాండు, వేలిముద్రల రీడరు, చివరికి ఎండలో తెర కనపడేందుకు అంటించే పొర కూడా ఆప్షనలే. బండి మాది, చక్రాలు మీరు తెచ్చుకోండి అన్నట్టుంది.

కంపెనీ మీద నాకు కోపం లేదు. అమ్ముకునేవాడు విడివిడిగానే అమ్ముకుంటాడు. నా పేచీ కొనేవాళ్లతో. సర్కారు టెండర్లో మొదటి పేజీ కొంటారు, నాలుగో పేజీ వదిలేస్తారు. ఆ నాలుగో పేజీ ఖర్చు నెల జీతం మీద బతికే ఏఎన్‌ఎం నెత్తిన, అంగన్‌వాడీ టీచరు నెత్తిన పడుతుంది.

మానుకోట (మహబూబాబాద్) దిక్కు ఒక ఆరోగ్య ఉపకేంద్రంలో చూసిన ట్యాబ్ గురించి చెప్తాను. ఛార్జింగ్ రంధ్రానికి ఉండాల్సిన రబ్బరు మూత ఎప్పుడో ఊడిపోయింది. ఆ జాగాలో సర్జికల్ ప్లాస్టరు ముక్క అంటించారు. లోపల పిన్ను వదులైంది. వైరును ఒక పక్కకు వంచి, కింద రిజిస్టరు ఎత్తు పెడితేనే ఛార్జింగ్ ఎక్కుతుంది. (డిజిటల్ అయితే రిజిస్టర్లు పోతాయన్నారు కదా. పోలేదు, ఇట్లా అక్కరకొస్తున్నాయి.) ఊళ్లోకి పోయేటప్పుడు దాన్ని చీరల షాపు కవర్లో చుట్టి రెండు రబ్బరు బ్యాండ్లు వేస్తారు. "వానొస్తే గొడుగు దానికే పడతా సార్. నేను తడిస్తే జ్వరం వస్తది, అది తడిస్తే మెమో వస్తది" అన్నది అక్కడి ఏఎన్‌ఎం, నవ్వుతూనే.

గట్టి ట్యాబ్ అంటే ఏమిటో కాస్త చూద్దాం. ఐపీ67 అని రాసి ఉంటే దుమ్ము లోపలికి పోదని, మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా తట్టుకుంటుందని అర్థం. అయితే చాలా మోడళ్లలో ఆ మాట మూత బిగించి ఉన్నంతవరకే. మిల్ స్టాండర్డ్ 810 అనేది అమెరికా సైన్యం పరీక్ష. నాలుగడుగుల ఎత్తు నుంచి 26 సార్లు పడేస్తారు: ఆరు ముఖాలు, పన్నెండు అంచులు, ఎనిమిది మూలలు. వినడానికి ఘనంగానే ఉంది. కానీ ఆ 26 దెబ్బల్నీ అయిదు పీసుల దాకా పంచుకోవచ్చని అదే పరీక్షలో ఉంది. మన ఏఎన్‌ఎం దగ్గరున్నది ఒకటే పీసు. అసలు చేతికి పట్టీ ఉంటే పడేదే కాదు కదా!

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి, మన ఈ మూడు జిల్లాల వాతావరణం బ్రోషర్లోని బురదను మించింది. 2023 జులైలో భూపాలపల్లి జిల్లా చిట్యాలలో ఒక్క రోజులో 61 సెంటీమీటర్లు పైబడి కురిసింది, మోరంచవాగు పొంగి మోరంచపల్లి మొత్తం మునిగింది. మరుసటి ఏడాది సెప్టెంబరు 1న కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింద కట్టే కొట్టుకుపోయింది. ఎండాకాలం సంగతి వేరు. లిథియం బ్యాటరీని 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జ్ చేయొద్దంటారు, రేకుల గదిలో మే నెల మధ్యాహ్నం ఆ 45 ఎక్కడ ఆగుతుంది? పొద్దున పెట్టుకున్న ఛార్జింగ్ పన్నెండుకల్లా దిగిపోతుంది. జేబులో ఇంకో బ్యాటరీ ఉంటే మార్చుకుని పని కానిచ్చేవాళ్లు. మార్చుకునే బ్యాటరీ ఉన్న ట్యాబ్‌లు బజార్లో లేవా అంటే ఉన్నాయి. సామ్‌సంగ్ యాక్టివ్ సిరీస్‌లో వెనక మూత తీసి చేత్తోనే మార్చొచ్చు. వైరు గుచ్చకుండా బయటి పిన్నుల మీదుగా ఛార్జ్ చేసే డాకు కూడా దొరుకుతుంది. పానసోనిక్ టఫ్‌బుక్ జీ2కి కావలసిన చోట బార్‌కోడ్ రీడరో, ఇంకో పోర్టో తగిలించుకోవచ్చు, కానీ దాని ధర లక్ష దాటుతుంది. ఊరూరికీ అది కొనమని నేననను. మామూలు ట్యాబే కొనండి, దానితోపాటు గట్టి కవరు, పట్టీ, పవర్ బ్యాంకు, రెండో కేబులు ఇవ్వండి. ఇవన్నీ కలిపినా ట్యాబ్ ధరలో చిన్న వాటా.

ఈ పని ఎట్లా చేయాలో నేర్చుకోవడానికి జపాన్ దాకా పోనక్కర్లేదు, భూపాలపల్లి సింగరేణి గనుల దాకా పోతే చాలు. కేటీకే గనిలో దిగే కార్మికుడు తన టోపీ దీపం ఇంటినుంచి తెచ్చుకోడు. ల్యాంప్ రూమ్‌కు పోయి టోకెన్ ఇచ్చి, తన నంబరు దీపం తీసుకుంటాడు. షిఫ్టు దిగాక తిరిగి అప్పజెప్తాడు. అది ర్యాక్‌లో ఛార్జింగ్‌కు పోతుంది. గాజు పగిలిందా, వైరు తెగిందా చూసుకోవడానికి అక్కడ మనుషులుంటారు. దీపం యాజమాన్యానిది, దాని బాగోగులూ యాజమాన్యానివే. "నీ బ్యాటరీ దిగిపోయింది గనక ఇవాళ నీకు మస్టరు లేదు" అనే మాట అక్కడ చెల్లదు. గనిలోకి మామూలు సెల్‌ఫోను అసలు తీసుకుపోనివ్వరు. నిప్పురవ్వ పుట్టని తయారీ అని గనుల భద్రత చూసే డీజీఎంఎస్ ఆమోదించిన పరికరాలే దిగాలి. ప్రాణాల మీదికొస్తుందని తెలిసిన చోట యాక్సెసరీ ఆప్షనల్ కాదన్నమాట. మండలానికో ల్యాంప్ రూమ్ లాంటిది పెట్టి ఊళ్లలో పనిచేసే ట్యాబ్‌లన్నిటికీ అక్కడే ఛార్జింగు, మరమ్మతు, బదులు పీసు ఇవ్వడానికి ఏం అడ్డం? ఎంపీడీవో ఆఫీసులో ఒక గది, ఒక బీరువా, ఒక మనిషి.

ఆర్టీసీకి కూడా ఈ తెలివి ఉంది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడు చోట్లా డిపోలున్నాయి. కండక్టరు డ్యూటీ ఎక్కేటప్పుడు టికెట్లు కొట్టే టిమ్ము మిషన్ను, పేపరు రోళ్లను డిపోయే చేతికిస్తుంది. మిషన్ మొరాయిస్తే ఆసరాగా టికెట్ల ట్రే కూడా వెంట ఇచ్చేవాళ్లు. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చి జీరో టికెట్లు కొట్టీ కొట్టీ బ్యాటరీలు అలిసిపోయాయంటే, అది డిపో తలనొప్పి అయింది తప్ప కండక్టరు సొంత ఖర్చు కాలేదు.

సర్కారుకు తగిలింపులు కొనడం చేతకాదని కాదు. రేషన్ షాపులో చూడండి. ఈపాస్ మిషన్‌కు వేలిముద్రల రీడరు పెట్టారు, తర్వాత కంటిపాప స్కానరు పెట్టారు. తూకం కాటాను కూడా దానికే కలిపేందుకు 2021లో కేంద్రం నిబంధనే సవరించింది. అంగన్‌వాడీల పోషణ్ ట్రాకర్‌లో 2025 జులై 1 నుంచి ముఖం గుర్తుపడితేనే ఇంటికిచ్చే సరుకు ఇవ్వాలన్నారు. ఉపాధి హామీలో 2023 జనవరి 1 నుంచి రోజుకు రెండు ఫొటోలు తప్పనిసరి చేశారు. మనిషిని పట్టుకునే తగిలింపులకు డబ్బు వెంటనే దొరుకుతుంది, మనిషికి పట్టు దొరికే తగిలింపులకే బడ్జెట్ ఉండదు. డీలరు గింజ దొంగిలించకుండా కాటా కలపడం మంచిదే, నేను కాదనను. ఆ తపనలో వందో వంతు పట్టీ మీద కూడా చూపించమంటున్నాను.

వేలిముద్రల రీడరు అన్నాను గనక ఇంకో బాధ చెప్పకుండా ఉండలేను. మానుకోటలో మిర్చి ఏరే కైకిలి ఆడవాళ్ల వేళ్లు చూశారా? సీజన్ నడిచేకొద్దీ గీతలు అరిగి నున్నగా అయిపోతాయి. రీడరు మీద వేలు పెడితే ఎర్ర లైటు. తుడిచి పెడితే ఎర్ర లైటు. కొబ్బరి నూనె రాసి, కొంగుతో రుద్ది, ఇంకో వేలు పెట్టి, వెనక లైన్లో ఉన్నవాళ్ల విసుగు భరించి, చివరికి కంటిపాప స్కానర్‌కు వస్తే అది ఎండ వెలుతురులో చదవదు. కష్టం చేసి అరిగిన వేలికి మిషన్ దగ్గర విలువ లేదు. దీనికి తోడు ఆధార్ సంస్థ పాత ఎల్0 రీడర్లు పనికిరావు, ఎల్1వే వాడాలంది. దొంగముద్రలు ఆపడానికి అది అవసరమే కావొచ్చు. కానీ ఊళ్లో పింఛను, బ్యాంకు డబ్బులు ఇచ్చే కుర్రాడు సొంత డబ్బుతో కొన్న పాత రీడరు మూలపడితే, కొత్తదానికి మళ్లీ జేబులో చెయ్యి పెట్టుకోవాల్సింది అతనే.

పైనున్నవాళ్లకు ఇప్పుడు ట్యాబ్ ఇవ్వడం కూడా బరువనిపిస్తున్నట్టుంది. మీ ఫోనే వాడండి అంటున్నారు. పని బరువు మాత్రం తగ్గడం లేదు. 2024 అక్టోబరులో వ్యవసాయ విస్తరణ అధికారులు (ఏఈవోలు) డిజిటల్ పంటల సర్వే మా వల్ల కాదని ఎదురు తిరిగితే సస్పెన్షన్లు వచ్చాయి. ఒక్కొక్కరి కింద ఐదు వేల ఎకరాల క్లస్టరు, ప్రతి సర్వే నంబరు గట్టు మీద నిలబడి ఫొటో తీయాలి. ఇక జనగణన ఈసారి పూర్తిగా డిజిటల్. ఇళ్ల లెక్క 2026లో, మనుషుల లెక్క 2027 ఫిబ్రవరిలో. కేంద్రం 11,718 కోట్లు మంజూరు చేసింది. లెక్క రాసేవాళ్లు తమ సొంత ఫోన్లలోనే యాప్ వేసుకోవాలి. అందులో పవర్ బ్యాంకు పద్దు ఏదో, తెర పగిలితే బాగుచేయించే పద్దు ఏదో తెలిసినవాళ్లు చెప్పాలి. లెక్క రాసే డ్యూటీ పడే జనగామ టీచర్లు ఆ ఫిబ్రవరికి ముందే కాగితం పెట్టి అడగడం మేలు. డ్యూటీ మొదలయ్యాక అడిగితే, తప్పించుకోవడానికి సాకులు చెప్తున్నారంటారు.