ప్రత్యేకోపాధ్యాయుల నియామకము

అక్షరములు కూడబలుకుకొనలేని పిల్లవానిని మొద్దనియు, పిలుపు వినబడని పిల్లను పొగరుబోతనియు నెంచి బెత్తముతో బాగుచేయజూచిన కాలము మిక్కిలి దూరమున లేదు. ఆ దెబ్బలు తిన్నవారు మా పాఠకులలోనే కొందఱుందురు.

1995 నాటి చట్టము ఏడు వైకల్యములనే యెఱుగును. 18 ఏండ్లవఱకు ఉచితవిద్య యొసంగుడని అదియు జెప్పినదే కాని, తన జాబితాలో లేని పిల్లలకు అది చేయగలిగిన యుపకార మేమి? 2016 చట్టము ఆ సంఖ్యను 21 గావించి, అభ్యసన వైకల్యమును, ఆటిజమును అందు జేర్చెను. 40 శాతమునకు తక్కువగాని వైకల్యముగల బాలబాలికలు 6 మొదలు 18 ఏండ్లవఱకు పొరుగుబడిలోనో, ప్రత్యేక పాఠశాలలోనో, తామెన్నుకొన్నచోట ఉచితముగ జదువుకొనవచ్చును. ఈ 40 శాతపు గీటును బట్టుకొని అధికారులు వ్రాయలేని చేతికి లేఖకుని సైతము నిరాకరింపగా, 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఆ వాదమును త్రోసివైచెను. న్యాయవాదులమైన మాకు ఆ తీర్పు చదివిననాడు కలిగిన సంతోషము ఇంతంత గాదు.

ఐనను తీర్పులు పాఠములు చెప్పవు. చెప్పవలసినవాడు ఉపాధ్యాయుడు. ఐదవ తరగతివఱకు ఇట్టి పిల్లలు 10 మందికొక ప్రత్యేకోపాధ్యాయుడును, ఆఱు మొదలు ఎనిమిదివఱకు 15 మందికొకడును ఉండవలెనని 2022లో కేంద్రప్రభుత్వము నిర్ణయించెను. పెక్కు రాష్ట్రములు ఆ యుద్యోగములనే సృజింపకుండుటచే, 2025 మార్చిలో సుప్రీంకోర్టు గడువు పెట్టి మందలింపవలసి వచ్చినది. తెలంగాణము 2024లో 11,062 ఉపాధ్యాయోద్యోగములకు ప్రకటన వెలువరించి, అందు 1,016 ఈ విద్యకు గేటాయించినది. ఇది మంచిపని, మెచ్చుకొనుచున్నారము.

ఉభయ రాష్ట్రములందును మండలములలోని భవిత కేంద్రములను ఇన్నాళ్లు ఒప్పందపు కొలువుననున్న వారే మోసికొనివచ్చిరి. చదువు నేర్పుటయు వారే, ఇండ్లకు బోయి మంచము విడువలేని పిల్లలను జూచుటయు వారే. నేటి నియామకములలో వారి యనుభవము వ్యర్థము గాకూడదు. ఇక ఆ కేంద్రమునకు బిడ్డను జంకనెత్తుకొని బస్సెక్కు తల్లి సంగతి! ఆమెకు ఆనాటి కూలి పోవును. ప్రయాణపు ఖర్చున కేదో భత్యము కలదు గాని, పోయిన కూలికి లెక్క యెవ్వరు చెప్పుదురు? ఊరిబడిలోనే ఉపాధ్యాయుడున్నచో ఆమె కీ తిరుగుడెందుకు?

బడి ఈడు పిల్లలలో ఇట్టివారిని గుర్తించుటకు ఐదేండ్లకొకసారి పరిశీలన జరుపవలెనని ఆ 2016 చట్టమే చెప్పుచున్నది. పేరు లెక్కకెక్కని పిల్లకు ఉద్యోగమును మంజూరు గాదు. కావున పఠనమందిరములలో గూడు పెద్దలు తమ యూరి పాఠశాల యాజమాన్య సంఘము నడిగి మూడు సంగతులు తెలిసికొందురు గాక: పరిశీలన యెప్పుడు జరిగినది? ఎందఱు తేలిరి? వారి కెందఱు ఉపాధ్యాయులు మంజూరైరి? సమాధానము నోటిమాటగా గాక, వ్రాతమూలకముగ బుచ్చుకొనవలెను.