పానా పట్టే చేతికి తల్లినుడి అక్కరలేదా?

గత వేసవిలో హోసూరు నుండి బాగలూరు వెళ్ళే దారిలో నా కారు వేడెక్కి ఆగిపోయింది. దగ్గరలోని షెడ్డుకు తోయించాను. పద్దెనిమిదేళ్ళు దాటిన ఒక కుర్రవాడు మూత ఎత్తి, రేడియేటరు బిరడాపై చేయి వేయబోయాడు. మేస్త్రీ పరుగున వచ్చి ఆ చేతిని విదిల్చికొట్టాడు. "కూలెంటు ప్రెషర్లో ఉంటే క్యాపు ఓపెన్ చేస్తావేంరా!" అని కసిరాడు.

మేస్త్రీ అటు వెళ్ళాక కుర్రవాణ్ణి అడిగాను: "ప్రెషరంటే ఏమి నాయనా?"

"ఐటిఐ బుక్కులో ఉంది సారూ, బాగా బట్టీ పట్టినాను. అంటే ఏమని మాత్రం ఎవురూ చెప్పలేదు."

"మీ అమ్మ పొయ్యిమీది కుక్కరు దించీ దించకముందే మూత తీస్తుందా?"

"తీస్తే మొగం కాలిపోదా సారూ!"

"ఈ బిరడా వెనకాల జరిగేదీ అదే. బిగించి మూసినచోట నీళ్ళు నూరు డిగ్రీలు దాటినా మరగవు. మూత వదులు చేశావో, ఒక్కసారిగా మరిగి మీదికి చిమ్ముతాయి."

వాని ముఖం విప్పారింది. "ఇట్ల చెప్తే ఎవురికైనా తెలుస్తుంది కదా సారూ" అన్నాడు.

ఆ షెడ్డులో ఉన్న ముగ్గురమూ తెలుగు ఇండ్లలో పుట్టినవారమే. మేస్త్రీ ఇంటి నుడి తెలుగు, కుర్రవాని ఇంటి నుడి తెలుగు, నాదీ తెలుగే. ఐనా ఆ పిల్లవాని ముఖాన్ని కాపాడవలసిన ఒక్క ముక్క తెలుగులో వాని చెవిన పడలేదు. ఇది ఎవరి తప్పు?

"కారు మరమ్మతుకు తెలుగేమిటయ్యా? క్లచ్చు, గేరు, పిస్టను అన్నీ ఇంగ్లీషే కదా!" అని ఎగతాళి చేసే పెద్దమనుషులు మనలోనే ఉన్నారు. వారికి ఒక ప్రశ్న. అదనపు చక్రాన్ని మనం స్టెప్నీ అంటాము. అది ఏ భాషామాట? వేల్సు దేశంలో లానెల్లీ అనే ఊరిలోని ఒక వీధి పేరు అది. 1904లో ఆ వీధిలో అదనపు చక్రాలు తయారయ్యాయి, వీధి పేరే చక్రానికి అంటుకొంది. నేడు ఆ పేరు ఇంగ్లండులో ఎవరి నోటా వినబడదు, మన షెడ్లలో మాత్రం బ్రతికి ఉంది. షాసీ, గ్యారేజి అన్నవి ఫ్రెంచివారి మాటలు. డీజిలు ఒక జర్మను ఇంజనీరు ఇంటిపేరు. ఇన్ని అరువు మాటలతో కారును నడుపుకొంటున్న ఇంగ్లీషును ఎవరూ పేదభాష అనలేదు. ఎందుకంటే వారు పేర్లను అరువు తెచ్చుకొన్నారే గాని, వివరణను తమ నుడిలోనే చెప్పుకొన్నారు. పేరు ఎక్కడినుండైనా రావచ్చు. అర్థం మాత్రం తల్లినుడిలోనే లోపలికి దిగుతుంది. నేను అడిగేది ఈ ఒక్కటే.

మన భాషాభిమానులతోనూ నాకు పేచీ ఉంది. క్లచ్చుకూ పిస్టనుకూ నోరు తిరగని సమాసాలు కట్టి, అచ్చువేసి, అటకమీద పెట్టడం భాషాసేవ కాదు. గ్రీజు చేతులవాడు పలకని మాట మాటే కాదు. అలాగని మనం వట్టిచేతులతోనూ లేము. ఎద్దుల బండికి ఇరుసు, కుండ, ఆకులు, సీల అని పేరుపేరునా పిలిచిన జాతి మనది. ఇరుసు ఒరుసుకోకుండా పూసేదానికి కందెన అన్నాము. ఇంజను నూనె చేసే మొదటి పని కందెన పని కాక మరేమిటి? లారీ బరువు మోసే ఉక్కు పట్టీలను నేటికీ కమాను కట్టలనే అంటున్నాము. 'పదీ పదకొండు పానా తే' అంటే మేస్త్రీకి ఏది కావాలో కొత్తవాడు వారంలో నేర్చుకొంటాడు. నిలిచిన మాటలను నిలుపుకొందాం, అరువు మాటలను అరువుగానే వాడుకొందాం, వాటి వివరణను తెలుగులో చెప్పుకొందాం.

ఇదేమీ కొత్త ఆలోచన కాదు. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారి మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ పదాలతో 1962లో, చేనేత పదాలతో 1971లో వెలువడింది. ఆ పదాలు కుర్చీలో కూర్చొని కల్పించినవి కావు, రైతుల నోట, నేతగాండ్ర నోట విని వ్రాసికొన్నవి. నాగలికీ మగ్గానికీ దక్కిన ఆ గౌరవం పానాకు దక్కకూడదా?

కొత్తగా చేరినవానికి వివరణ ఎలా ఉండాలో నాలుగు మాటలలో చూపుతాను. 'క్లచ్చు' అంటే ఇంజను తిరుగుడును గేరుపెట్టెకు అందించేది, పెడలు తొక్కినప్పుడు ఆ రెంటినీ విడదీసేది. 'బ్రేకు ఆయిలు' గాలిలోని చెమ్మను పీల్చుకొంటుంది. చెమ్మ చేరిన నూనె త్వరగా మరిగి ఆవిరవుతుంది. నూనె నొక్కితే అణగదు గాని ఆవిరి అణుగుతుంది, అప్పుడు పెడలు నేలకు దిగినా బండి ఆగదు. అందుకే గడువు ప్రకారం దాన్ని మార్చాలి. 'బ్యాటరీ' ఊడదీసేటప్పుడు మొదట నెగెటివు తీగనే తీయాలి. పాజిటివు తీగపై ఉన్న పానా బండి ఇనుముకు తగిలితే నిప్పులు రాలుతాయి. 'జాకీ' బండిని ఎత్తడానికే గాని, ఎత్తి నిలపడానికి కాదు. కింద స్టాండు పెట్టనిదే ఎవరూ దూరరాదు. ఈ నాలుగూ తెలియనివాడు తన కన్నో చేయో పోగొట్టుకొంటాడు, లేదా బండివాని ప్రాణం తీస్తాడు. భాషాహక్కు అంటే పద్యాలూ పండుగలూ మాత్రమే అనుకొనేవారు ఈ సంగతి కాస్త ఆలోచించాలి.

"ఉన్న రాష్ట్రపు భాష నేర్చుకోరాదా?" అని మరొకరు అంటారు. నేర్చుకొంటున్నాము. నేర్చుకోవాలి కూడా. తమిళం, కన్నడం, ఒడియా, మరాఠీ మనకు ఇరుగుపొరుగు నుడులు, పగనుడులు కావు. తమిళనాడులో 2006 నాటి చట్టంతో తమిళం అన్ని బడులలోనూ తప్పనిసరి పాఠమయింది. తమిళ బిడ్డ గేరును 'పర్చక్కరం' అని చదివితే, పళ్ళున్న చక్రమని ఇట్టే గ్రహిస్తాడు. ఆ మాట వాని అమ్మ మాటలోనుండి వచ్చింది. మన బిడ్డకు 'పళ్ళ చక్రం' అని ఒక్కసారి చెబితే ఆ మేలే కలుగుతుంది. అది చెప్పేవారు లేక, వాడు బడిలో ఒక నుడి, పరీక్షలో ఒక నుడి, ఇంట్లో ఒక నుడి పెట్టుకొని మూడింటి నడుమ మూగవాడవుతున్నాడు. ఆ మూగతనానికి మనం పెట్టిన పేరు 'మొద్దు'.

చట్టం సంగతి చూద్దాం. 1956లో రాజ్యాంగంలో చేర్చిన 350ఎ అధికరణం భాషా అల్పసంఖ్యాకుల బిడ్డలకు మాతృభాషలో బోధన వసతి కల్పించమంటుంది. కాని అది ప్రాథమిక దశకే. 2009 నాటి విద్యాహక్కు చట్టం 29వ విభాగం వీలైనంతవరకు మాతృభాషలోనే బోధన సాగాలంటుంది. అది పదునాలుగేళ్ళ వరకే. అంటే బిడ్డ పానా పట్టే వయసుకు సరిగ్గా చట్టం చేయి వదిలేస్తుంది. ఈ సందును మనం ఎత్తి చూపాలి.

ఐతే మరో తలుపు తెరిచే ఉంది. 30వ అధికరణం మనకు నచ్చిన విద్యాసంస్థలను నెలకొల్పి నడుపుకొనే హక్కు ఇచ్చింది. 2002లో టి.ఎం.ఎ.పై కేసులో పదకొండుమంది న్యాయమూర్తుల ధర్మాసనం, అల్పసంఖ్యాకులెవరో రాష్ట్రాన్ని బట్టి నిర్ణయించాలని చెప్పింది, వృత్తివిద్యా సంస్థలనూ ఈ హక్కు పరిధిలోనే చూసింది. కల్యాణమండపాలకు చందాలు పోగుచేయగలిగిన మన సంఘాలు ఒక వృత్తి శిక్షణాలయానికి ఎందుకు పోగుచేయలేవు?

మన కోరికలు మూడు. తెలుగు బిడ్డలు ఎక్కువగా చేరే ఐటిఐలలో పాఠం ఏ భాషలో సాగినా, వివరణ తెలుగులో అందే ఏర్పాటు ఉండాలి. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు వృత్తివిద్యా పుస్తకాలను సరిహద్దు దాటించి మన గ్రంథాలయాలకు పంపాలి. మూడవది ఏ ప్రభుత్వాన్నీ అడగనక్కరలేనిది. ఊరికొక నోటుపుస్తకం తీయండి. షెడ్డులో వినబడే మాట, తెలుగులో దాని వివరణ, రాష్ట్రభాషలో దాని పేరు, పరీక్షలో అడిగే ఇంగ్లీషు పేరు - ఈ నాలుగు వరుసలలో వ్రాయండి. మేస్త్రీలను అడిగి వ్రాయండి. మూడు వందల మాటలు చేరితే కొత్తవాని చేతికి ఒక పుస్తకం వచ్చినట్లే.

తల్లిదండ్రులకు ఒక్క మాట. సాయంత్రం మసిబట్టలతో ఇంటికి వచ్చిన కొడుకును 'కూలి ఎంత?' అని అడిగే ముందు 'ఈ దినం ఏమి నేర్చితివి నాయనా?' అని తెలుగులో అడగండి. వాడు తెలుగులో చెప్పగలిగితే, వానికి పని వచ్చినట్లే. చెప్పలేకపోతే, ఆ లోటు వానిది కాదు, మనది.