ఇంటి హామీ - జలాశయాల హద్దు: చేవెళ్ల, మొయినాబాద్ పట్టణాల ముందున్న ప్రశ్న
(ప్రత్యేక వ్యాసం)

రంగారెడ్డి జిల్లాలోని చేవెళ్ల, మొయినాబాద్ 2025లో పురపాలక సంఘాలుగా ఏర్పడ్డాయి. ఇక్కడ వార్డు కౌన్సిలర్ పదవికి పోటీపడే ఏ అభ్యర్థికైనా ఓటర్ల నుండి రెండు ప్రశ్నలు తప్పవు. పేదలకు ఇల్లు ఎప్పుడు వస్తుంది? 111 జీవో సంగతి ఏమవుతుంది? ఆంక్షలు తొలగితే ఇళ్లు వాటంతటవే వస్తాయని రెండింటినీ ఒకే హామీగా చెప్పడం పరిపాటి. వాస్తవానికి ఇవి వేర్వేరు అంశాలు. వాటిని విడదీసి చూసినప్పుడే హామీల విలువ తేలుతుంది.

1908 మూసీ వరదల అనంతరం నగర రక్షణకు, తాగునీటికి ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో నిర్మితమయ్యాయి. వీటి పరీవాహక ప్రాంత పరిరక్షణకు ప్రభుత్వం 1996 మార్చి 8న జీవో 111 జారీ చేసింది. పది కిలోమీటర్ల పరిధిలో 84 గ్రామాలు, సుమారు 1,32,600 ఎకరాలు దీని కిందకు వచ్చాయి. కాలుష్య కారక పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, నివాస కాలనీలు నిషిద్ధమయ్యాయి. కొత్త లేఅవుట్లలో 60 శాతం రోడ్లకు, ఖాళీ స్థలానికి విడిచిపెట్టాలని, నిర్మిత విస్తీర్ణం స్థలంలో సగానికి మించరాదని నిర్దేశించారు. ఇదే పరిధిలో ఒక నూనెల కర్మాగారానికి ఇచ్చిన మినహాయింపును సుప్రీంకోర్టు 2000 డిసెంబరులో తోసిపుచ్చింది.

ఈ నిబంధనలను ఇంటి లెక్కలోకి మార్చి చూడాలి. ఎకరం అంటే 4,840 చదరపు గజాలు. 60 శాతం విడిచిపెట్టగా ప్లాట్లకు మిగిలేది 1,936 గజాలు మాత్రమే. వంద గజాల ప్లాటులో అన్ని అంతస్తులు కలిపి 450 చదరపు అడుగులు కట్టవచ్చు. ఇందిరమ్మ ఇంటికి కావలసిన కనీస విస్తీర్ణం 400 చదరపు అడుగులు కనుక చిన్న ఇల్లు ఈ కొలతలో ఇమిడిపోతుంది, బహుళ అంతస్తుల సముదాయం మాత్రం ఇమడదు.

హద్దుకు అవతల భూముల ధరలు పెరుగుతుండగా తమ భూమికి విలువ లేకుండా పోయిందన్నది ఇక్కడి రైతుల చిరకాల ఆవేదన. నగర తాగునీటికి కృష్ణా, గోదావరి జలాలు ప్రధాన ఆధారమైనందున, జంట జలాశయాల నీటి నాణ్యత దెబ్బతినరాదన్న షరతుతో 2022 ఏప్రిల్ 12న జీవో 69 ద్వారా ఆంక్షల తొలగింపును ప్రకటించారు. మురుగునీటి శుద్ధి తదితర మార్గదర్శకాల రూపకల్పనకు ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి అధ్యక్షతన కమిటీని నియమించారు. 111 జీవోను పూర్తిగా రద్దు చేయాలని 2023 మేలో నాటి మంత్రిమండలి నిర్ణయించింది.

ఆంక్ష తొలగినచో రైతుకు న్యాయమైన ధర లభించవచ్చు. అయితే అదే ధర స్థలం లేని కూలీ కుటుంబానికి అడ్డుగోడ కాగలదు. 2024 మార్చిలో ప్రారంభమైన ఇందిరమ్మ ఇళ్ల పథకం తొలి దశలో సొంత స్థలం ఉన్నవారికి రూ.5 లక్షల సాయం ఉద్దేశించినది. అద్దె ఇంట్లో ఉంటున్నవారికి ముందుగా కావలసింది స్థలం. కనుక పేదల వాటా ఎంతో ముందే నిర్ణయించకుండా భూవినియోగాన్ని మార్చడం వల్ల ప్రయోజనం భూమి ఉన్నవారికే దక్కుతుంది.

భూవినియోగ మార్పు కౌన్సిలర్ చేతిలోని పని కాదు. అది హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ, రాష్ట్ర ప్రభుత్వాల పరిధిలోనిది. అట్లని కౌన్సిలర్ చేయగలిగినది తక్కువేమీ కాదు. వార్డు ఇందిరమ్మ కమిటీ ద్వారా అర్హుల జాబితా సక్రమంగా రూపొందేటట్లు చూడవచ్చు. వార్డులోని ప్రభుత్వ స్థలాలను గుర్తించి ఆక్రమణల పాలు కాకుండా కాపాడవచ్చు. మురుగు కాలువలు జలాశయాల వాగుల్లో కలవకుండా కౌన్సిల్‌లో పట్టుబట్టవచ్చు. 75 చదరపు గజాల లోపు స్థలంలో ఇల్లు కట్టుకొనేవారికి 2020 నాటి భవన అనుమతుల చట్టం కల్పించిన రూపాయి నమోదు సౌకర్యాన్ని వివరించి, అది జలాశయ నిబంధనలకు మినహాయింపు కాదని కూడా చెప్పవచ్చు.

అభ్యర్థిని పాత్రికేయులు అడగవలసిన ప్రశ్నలు మూడు. పేదల ఇళ్లకు స్థలం ఏ సర్వే నంబరులో ఉన్నది? అక్కడి మురుగునీరు ఎటు పోతుంది? ఇచ్చిన హామీ నెరవేర్చే అధికారం ఎవరిది? 84 గ్రామాల జాబితాలో ఉన్న ఊరికి, పక్కనే జాబితాలో లేని ఊరికి నిబంధనలు వేరు. కనుక గ్రామాలవారీ పటాన్ని, వర్తించే నిబంధనలను తెలుగులో పురపాలక కార్యాలయంలో ప్రదర్శించినచో, కష్టార్జితంతో స్థలం కొనే సామాన్యుడు మోసపోకుండా కాపాడిన వారవుతారు.