ఈ పని ఎవరిది మాస్టారూ?

ఫార్మేటివ్ పరీక్షల్లో ప్రాజెక్టు పనికి మార్కులు పెట్టి ఏళ్లు గడిచాయి. ఏడో తరగతి పిల్లల్ని గ్రామ పంచాయతీ మీద ప్రాజెక్టు చేయమంటే చాలా బళ్లలో వచ్చేది ఒక చార్టు. సర్పంచి విధులు, చుట్టూ రంగుల అంచు. చార్టు గోడకెక్కుతుంది. గేటు ముందు మురుగు అలాగే నిలిచి ఉంటుంది. ఆ మురుగునే పాఠం చేయాలంటాను నేను.

సమస్యను పిల్లలే ఎంచుకోవాలి. మాస్టారు బోర్డు మీద ‘స్వచ్ఛత’ అని రాసేస్తే ఓ ర్యాలీతో సరి. వాళ్లనే అడిగితే ఆగకుండా పోయే బస్సు, ఆడపిల్లల మరుగుదొడ్డికి ఊడిన గొళ్లెం బయటికొస్తాయి.

ఆ తర్వాతే అసలు చదువు. ఇది ఎవరి పని? మురుగు గురించి అడిగితే, రోడ్డు ఆర్ అండ్ బి వాళ్లదని పంచాయతీ కార్యదర్శి అనొచ్చు. నిజమేనా? కాగితం మీద తేలాలి. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అడగడానికి పౌరులైతే చాలు, వయసు అడ్డు కాదు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ గ్రామస్థాయిలో దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు. జవాబుకు గడువు 30 రోజులు. లక్నోలో ఒక చిన్నారి తన బడి ఎదుటి చెత్తకుప్ప గురించి ఈ చట్టం కిందే అడిగింది. చెత్త పోయి గ్రంథాలయం వచ్చింది.

ఎవరి పనో తేలాక వాళ్లకు అర్జీ రాయాలి. పిల్లల మొదటి అర్జీలో ‘మా సమస్య తీర్చగలరని ప్రార్థన’ తప్ప ఇంకేమీ ఉండదు. అప్పుడు మాస్టారు దిద్దకూడదు, అడగాలి. నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయి? ఎప్పట్నుంచి? పొద్దున గంట కొట్టేలోపు ఎంతమంది అందులోంచి నడిచారు? మీకు కావలసింది కాలువా, తూమా? ఇద్దరు పిల్లలు నోటుబుక్కు పట్టుకుని గేటు దగ్గర నిలబడి లెక్క రాస్తే అర్జీకి బలం వస్తుంది. రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదాని మీద అందినట్టు తేదీ, సంతకం, ముద్ర వేయించుకోవడం కూడా వాళ్లే నేర్చుకోవాలి.

ఇక్కడే చాలామంది మంచి ఉపాధ్యాయులు తొందరపడతారు. పిల్లలు తిరగలేరని జాలిపడి సర్పంచికి తామే ఫోన్ చేస్తారు. పని అయిపోతుంది, పిల్లలకు మాత్రం పలుకుబడి ఉంటేనే పనులవుతాయని అర్థమవుతుంది. దయచేసి ఆ ఫోన్ చేయకండి. ఊళ్లో ఎవరైనా ‘పిల్లల చేత రాజకీయం చేయిస్తున్నారా’ అని గద్దిస్తే మాత్రం ముందు నిలబడాల్సింది మీరే.

విద్యాశాఖను కోరేది ఇదే. చార్టుకు ఇచ్చే మార్కులు అర్జీ నకలుకూ, వచ్చిన జవాబుకూ ఇవ్వండి. జవాబు రాకపోతే, రెండోసారి రాసిన ఉత్తరానికి ఇవ్వండి. మండల అధికారులు పిల్లల అర్జీలకు వాళ్లకర్థమయ్యే తెలుగులో, గడువులోగా జవాబు రాయాలని ఒక ఉత్తర్వు పంపేలా కలెక్టర్లను అడగండి.