గట్టు కడితే చాలదు, తూముకు కాపలా కావాలి
తీర గ్రామాల చిన్న ఆఫీసుల్లో కంప్యూటర్ల రక్షణ ఎవరి బాధ్యత?

ముత్తుకూరు: కృష్ణపట్నం మొదలు కావలి వరకు గల తీర గ్రామాల్లో రైతు పంట రుణం, వృద్ధుల పింఛను, భూమి అడంగలు, బెస్తవారి సబ్సిడీ అన్నీ నేడు కంప్యూటర్లలోకి చేరిన సంగతి విదితమే. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలుగా మొదలైన కార్యాలయాలు కంప్యూటరు లేనిదే నడవవు. దేశంలోని 63 వేల ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాల లెక్కలను కంప్యూటర్లలోకి ఎక్కించే పథకాన్ని 2,516 కోట్ల రూపాయల అంచనాతో 2022 జూన్ 29న కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది. లెక్కలు పుస్తకాలు దాటి వచ్చాయి. కాని వాటికి కాపలా ఎవరన్న ప్రశ్నకు మాత్రం సరైన జవాబు దొరకడం లేదు.

కాపలాకు పెట్టే సాధనాన్ని ఫైర్‌వాల్ అంటారు. ఆఫీసు లోపలి కంప్యూటర్లకూ బయటి ఇంటర్నెట్‌కూ నడుమ ఉండి, వచ్చే పోయే సమాచారంలో దేన్ని వదలాలో, దేన్ని ఆపాలో అది చూస్తుంది. రొయ్యల గుంట తూముకు బిగించిన జాలి వంటిదన్నమాట.

1994 నేర్పిన పాఠం

ఈ పోలిక ఈ తీరానికి కొత్తది కాదు. 1994లో తెల్లమచ్చల తెగులు వచ్చి నెల్లూరు రొయ్యల రైతును కోలుకోలేని దెబ్బ తీసింది. ఒకరి గుంట నుంచి వదిలిన నీరే మరొకరి గుంటలోకి చేరడం తెగులు పాకడానికి ఒక ముఖ్య కారణం. ఆనాటి నుంచి తెలివిగల రైతు తూముకు జాలి కట్టి ఊరుకోవడం లేదు. గుంట చుట్టూ పీతలు రాకుండా కంచె వేస్తాడు. ఒక గుంటలో వేసిన వలను మరో గుంటలో వేయనివ్వడు.

ఆఫీసు కంప్యూటర్ల పద్ధతి కూడా ఇదే. గుమ్మంలో ఫైర్‌వాల్ ఉన్నా, పెన్‌డ్రైవ్‌లో వచ్చిన వైరస్‌ను అది చూడలేదు. లోపల ఒకే తీగకు కట్టిన కంప్యూటర్ల మధ్య అది పాకుతుంటే గుమ్మంలోని పెట్టెకు తెలియనే తెలియదు. కనుక ప్రతి కంప్యూటరులోనూ దాని సొంత ఫైర్‌వాల్ పని చేస్తూ ఉండాలి.

జరిగిన నష్టాలు

2017 మే 12న వనాక్రై అనే వైరస్ ప్రపంచమంతా వ్యాపించి ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. మన రాష్ట్రంలో పోలీసు శాఖ కంప్యూటర్లు, తిరుమల తిరుపతి దేవస్థానం కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. దాన్ని ఆపే మరమ్మతును మైక్రోసాఫ్ట్ సంస్థ అంతకు రెండు నెలల ముందే, మార్చి 14న విడుదల చేయడం గమనార్హం. మందు ఉండి కూడా వేయకపోవడమే నష్టానికి మూలం.

2019 ఏప్రిల్ నెలాఖరులో రెండు తెలుగు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థల కంప్యూటర్లపై ఇటువంటి దాడే జరిగింది. 2024 జూలై 31న సి-ఎడ్జ్ అనే సంస్థ కంప్యూటర్లకు దెబ్బ తగలగా, దాని సేవలు పొందే సుమారు 300 సహకార, గ్రామీణ బ్యాంకులను జాతీయ చెల్లింపుల సంస్థ తాత్కాలికంగా వేరు చేసింది. మరునాడు తిరిగి కలిపింది. అలా వేరు చేయడం వల్ల తక్కిన బ్యాంకులు క్షేమంగా బయటపడ్డాయి. ఇబ్బంది పడినది మాత్రం చిన్న బ్యాంకుల ఖాతాదారులే.

ఒక్క నిమిషం తీసి మరిచే తలుపు

కాగా చిన్న ఆఫీసులో అసలు చిక్కు పెట్టె లేకపోవడం ఒక్కటే కాదు. కొత్త సాఫ్ట్‌వేరుకో, ప్రింటరుకో ఫైర్‌వాల్ అడ్డం వస్తుంది. గుమ్మంలో జనం ఎండలో నిలబడి ఉంటారు. ఏ దారి తెరవాలో చెప్పే మనిషి దగ్గర ఉండడు. గుమస్తా ఏం చేయగలడు? ఫైర్‌వాల్‌నే ఆపేస్తాడు. పని నడుస్తుంది. దాన్ని తిరిగి పెట్టవలసిన మాట ఎవరికీ గుర్తుండదు. జాలిలో ఒక కన్ను వెడల్పు చేయవలసిన చోట జాలినే ఊడదీసినట్లయింది. ఇది గుమస్తా తప్పు అనడం న్యాయం కాదు. అతనికి ఆ పని నేర్పిన వారు లేరు, అడిగితే చెప్పే వారూ లేరు.

చేయవలసినది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. ఆఫీసులో ఏయే కంప్యూటర్లు, ప్రింటర్లు, కెమెరాలు ఉన్నదీ ఒక పుస్తకంలో రాయాలి. అన్నీ మూసి, అవసరమైన దారి మాత్రమే తెరవాలి. ఎందుకు తెరిచిందీ తేదీతో సహా అందులోనే వేయాలి. కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డును మొదటి రోజే మార్చాలి. వచ్చేపోయే వారి ఫోన్లకు, కెమెరాలకు లెక్కల కంప్యూటర్లతో సంబంధం లేని వేరు దారి పెట్టాలి. లెక్కల నకలు ఒకటి ఏ తీగకూ తగిలించకుండా బీరువాలో దాచాలి. విండోస్ 10కి సాధారణ మరమ్మతులు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి కనుక పాత యంత్రాల సంగతి వెంటనే చూడాలి.

ఎవరు చూడాలి?

దాడి జరిగితే ఆరు గంటల్లో తెలియజేయాలని, రాకపోకల చిట్టాలు 180 రోజులు భద్రపరచాలని కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశించింది. ఆదేశం సబబే. కాని చిట్టా అంటే ఏమిటో తెలిసిన మనిషి లేని ఆఫీసులో అది కాగితానికే పరిమితం కాగలదు.

ప్రతి ఆఫీసుకూ ఒక నిపుణుణ్ణి వేయడం సాధ్యం కాదు. మండలానికి ఒకరిని నియమించి, ఆ మండలంలోని సహకార సంఘాలు, గ్రామ కార్యాలయాల ఫైర్‌వాళ్ల బాధ్యత అప్పగించవచ్చు. ఫోను చేస్తే పలికే మనిషి, నెలకొకసారి వచ్చి పుస్తకం తనిఖీ చేసే మనిషి కావాలి. పెట్టె కొనడానికి ఒకసారి డబ్బు మంజూరు చేస్తే సరిపోదు. ఏటా కట్టవలసిన లైసెన్సు రుసుముకు కూడా బడ్జెట్లో చోటు ఉండాలి. రుసుము కట్టని ఏడాది ఆ పెట్టెకు కొత్త తెగుళ్ల ఆనవాళ్లు అందవు.

పాతకాలం చిట్టా చెదలు పడితే ఒక ఊరి లెక్కే పోయేది. నేడు ఒక కంప్యూటరుకు తెగులు తగిలితే అది ఎన్ని ఊళ్లకు పాకుతుందో చెప్పలేము. తెగులు వచ్చాక సున్నం చల్లితే గుంట నిలవదని ఈ తీరపు రైతుకు ఒకరు చెప్పనక్కరలేదు. సంబంధిత అధికారులు ఆ పాఠాన్ని ముందుగానే గ్రహించడం మంచిది.